పటం పట్టుకున్న పరుగు

తెల్లవారుజామున మన పల్లెల్లో ఎన్నో కాళ్లు పరుగెత్తుతున్నాయి. వాటికి ఒక పటం, ఒక దిక్సూచి తోడైతే ఆ పరుగు ఉద్యోగ పరీక్షతో ఆగిపోదు. గోనెగండ్లలో సాధన చేసి ఆదోని గుట్టల్లో పోటీకి దిగిన ఒక మామూలు రన్నర్ వారం రోజుల కథ ఇది. ఓరియెంటీరింగ్ అనే ఆటను మన నేలకు పరిచయం చేసే ప్రయత్నం కూడా.

1,600 మీటర్ల తర్వాత ఏంటి?

1,600 మీటర్లు. 8 నిమిషాలు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో పరుగు అనగానే కుర్రాళ్ల నోట ముందుగా వచ్చే లెక్క ఇదే. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో మగవాళ్లు నెగ్గాల్సిన దూరం, సమయం అవి. ఆడపిల్లలకైతే అదే దూరానికి 10 నిమిషాల 30 సెకన్లు. అగ్నివీర్‌కు వెళ్లేవాళ్ల లెక్క ఇంకా గట్టిది. 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు.

నోటిఫికేషన్ పడిందంటే చాలు, హైస్కూలు మైదానాలు చీకటి ఉండగానే నిండిపోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయివచ్చిన ఇళ్ల పిల్లలే వీళ్లలో చాలామంది. కాళ్లలో సత్తువ ఉంది, ఊపిరిలో దమ్ముంది, మనసులో పంతం ఉంది. సెలక్షన్ అయిపోయిందా, ఉద్యోగం వచ్చినవాడు ట్రైనింగుకు పోతాడు. రానివాడు ఇంకో నోటిఫికేషన్ దాకా చూస్తాడు. వయసు దాటిందంటే బూట్లు అటక మీదికి చేరతాయి. పాతికేళ్లకే పరుగుతో బంధం తెగిపోతుంది.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. పల్లెల్లో చాలామందికి పదో తరగతి స్పోర్ట్స్ మీటే ఆఖరి పరుగు.

గుండ్రంగా తిరిగే ట్రాక్ మీద పరుగు గడియారం కోసమే సాగితే, గడియారంతో పని తీరినరోజు ఆగిపోవడం సహజం. అదే పరుగులో తెలుసుకోవాల్సింది, తేల్చుకోవాల్సింది అడుగడుగునా ఎదురవుతుంటే దాన్ని వదలబుద్ధి కాదు. నలభై దాటాక కూడా నేను బూట్లు కట్టుకుంటున్నానంటే కారణం ఇదే. అలాంటి పరుగు ప్రపంచంలో వందేళ్లకు పైగా ఉంది. దానికి కావాల్సిన నేల మన గుమ్మం ముందే ఉంది.

అడవిలో పుట్టిన ఆట

ఓరియెంటీరింగ్ నియమాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మొదలుపెట్టే చోట చేతికి ఒక పటం ఇస్తారు. దాని మీద ఊదారంగు వలయాలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. ఒక్కో వలయం నడుమ నేల మీద ఒక కంట్రోల్ ఉంటుంది. అంటే తెలుపు, నారింజ రంగుల్లో ముప్పై సెంటీమీటర్ల పలకలున్న చిన్న జెండా. వరుస తప్పకుండా అన్నింటినీ చేరి, ప్రతిచోటా గుర్తు వేయించుకుని, తక్కువ సమయంలో గమ్యానికి రావాలి. ఒక జెండా నుంచి ఇంకో జెండాకు ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. గుట్ట ఎక్కుతావా, చుట్టి వస్తావా, వంకలో దిగుతావా, అంతా నీ ఇష్టం. ఒకరి వెనక ఒకరు పోకుండా రెండేసి, మూడేసి నిమిషాల తేడాతో వదులుతారు.

ఇది మొదట స్కాండినేవియా సైనికుల సాధన. ప్రజలు పాల్గొన్న తొలి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో, నేటి ఓస్లో దగ్గర జరిగింది. దాన్ని జనం ఆటగా మార్చిన ఘనత స్వీడన్‌కు చెందిన ఎర్న్‌స్ట్ కిల్లాండర్‌ది. స్కౌట్ నాయకుడు, సైనికాధికారి అయిన ఆయన యువకులు మైదానం క్రీడలకు దూరమవుతున్నారని గమనించాడు. వాళ్లను పటం ఇచ్చి అడవిలోకి పంపాడు. 1919లో స్టాక్‌హోమ్ దగ్గర ఆయన పెట్టిన పోటీతో ఆట ఊపందుకుంది. 1930ల్లో ద్రవం నింపిన, పారదర్శకమైన పలక ఉన్న దిక్సూచి వచ్చాక పరుగెత్తుతూనే దిక్కు చూసుకోవడం తేలికైంది. 1961లో పది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్యను పెట్టుకున్నాయి. 1966లో ఫిన్లాండ్‌లో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది.

ఈ ఆట ప్రాణమంతా పటంలో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల మామూలు టోపో షీటు 1:50,000 స్కేలులో ఉంటుంది. అందులో ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఓరియెంటీరింగ్ పటం 1:15,000 గానీ 1:10,000 గానీ. 1:10,000లో సెంటీమీటరుకు వంద మీటర్లే. టోపో షీటులో ఒకే ఎత్తును కలిపే కాంటూరు గీతలు సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకు ఒకటి వస్తే, ఇందులో 5 మీటర్లకు ఒకటి. మనిషి ఎత్తు బండ కూడా నల్లచుక్కగా కనిపిస్తుంది.

రంగులకూ ఒక పద్ధతి ఉంది. గోధుమరంగు ఎత్తుపల్లాలకు, నీలం నీళ్లకు, నలుపు బండలకు, గోడలకు, దారులకు. పసుపు తెరపి నేల. చెట్లున్నా హాయిగా పరుగెత్తగలిగే చోటు తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చ ముదిరేకొద్దీ పొద చిక్కనవుతుంది. సర్కారు తుమ్మ అల్లుకున్న మన వంకలను గీయాలంటే ముదురు ఆకుపచ్చ చాలా కావాలి!

ఈ నేల ఇదివరకే కొలిచిన నేల

పటం అనగానే అది చదువుకున్నవాళ్ల వ్యవహారమని మన రైతు వెనక్కి తగ్గడు. సర్వే రాయి, గొలుసు, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) అనేవి పొలం ఉన్న ప్రతి ఇంట్లో నలిగిన మాటలు. ఎకరాకు వంద సెంట్లని ఇక్కడ బడికి పోనివాళ్లు కూడా చెబుతారు.

ఈ పరిచయం వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1802 నుంచి పొలం పొలాన్నీ గొలుసుతో కొలిపించాడు. రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే రైత్వారీ విధానానికి ఆ కొలతలే ఆధారం. తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో 1827 జులైలో ఇదే ప్రాంతంలో పర్యటిస్తూ కలరా సోకి పత్తికొండలో కన్నుమూశాడు.

పొలాలను కొలిచిన గొలుసు ఒకటైతే, దేశాన్ని కొలిచిన గొలుసు ఇంకొకటి. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, 78 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి సాగింది. అందులో అప్పుడప్పుడూ ఒక ఆధార రేఖను నేల మీద ఉక్కు గొలుసు పరిచి కొలవాలి. మిగతా దూరాలన్నీ కోణాల లెక్కల్లో తేలతాయి. అలాంటి ఆధార రేఖల్లో ఒకటి 1811లో గుత్తి దగ్గర కొలిచారు. గోనెగండ్లకు దాదాపు నేరుగా దక్షిణాన ఉంది గుత్తి. ఎండకు గొలుసు సాగుతుంది కాబట్టి దానికి నీడ పట్టి, ఉష్ణోగ్రత చూసుకుంటూ, పొడవు సరిచేసుకుంటూ కొలిచారు. కోణాలు కొలిచే, అర టన్ను బరువున్న పెద్ద థియోడలైట్‌ను మోసుకుంటూ కొండ తరవాత కొండ ఎక్కారు. ఆ మోతలో, ఆ గొలుసు పట్టడంలో చెమటోడ్చిన మనుషుల్లో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

15 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య నేలకు సర్వే వాళ్ల పాత లెక్కలో 57ఇ అని పేరు. ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల అన్నీ అందులోనివే. అందులోని 1:50,000 షీట్లను నేల మీద పరిచి చూస్తే, పొద్దున పాలు పోయడానికి పోయే డొంక, గొర్రెలు నీళ్లు తాగే కుంట, కర్నూలులో తుంగభద్రలో కలిసే హంద్రీ, దాని మీద గాజులదిన్నె జలాశయం, అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. మన ఊరిని మొదటిసారి పై నుంచి చూసిన సంతోషం మాటల్లో చెప్పలేను.

వారం ఇలా గడిచింది

పోటీ ఆదివారం. సంక్రాంతి దగ్గరపడుతున్న రోజులు. పత్తి చేలు చాలావరకు ఖాళీ, జొన్న నిలబడి ఉంది. తెల్లవారుజామున చలి, తొమ్మిది దాటితే ఎండ చురుక్కుమంటుంది. మన దగ్గర పరుగుకు ఇంతకన్నా మంచి కాలం లేదు.

సోమవారం కాళ్లకు విశ్రాంతి, కళ్లకు పని. రాత్రి భోజనాలయ్యాక పటం ముందేసుకుని కూర్చున్నాను. కాంటూరు గీతలు దగ్గరగా ఉంటే నిటారు ఎక్కుడు, దూరంగా ఉంటే వాలు. గీతలు లోపలికి వంగితే వంక, బయటికి ఉబికితే గుట్ట ముక్కు. ఇది బడిలో చదువుకున్నదే. గీతను చూడగానే గుట్ట ఆకారం కళ్లముందు లేచి నిలబడాలంటే మాత్రం రోజూ చూడాల్సిందే.

మంగళవారం వేగం. ఎమ్మిగనూరు వైపు తుంగభద్ర దిగువ కాలువ గట్టు మట్టిదారి ఇందుకు అనువు. పావుగంట నెమ్మదిగా వేడెక్కి, వెయ్యి మీటర్ల చొప్పున ఐదు గట్టి పరుగులు, మధ్యలో మూడేసి నిమిషాల నడక. ఊపిరి అందక, మాట పెగలని స్థితి వచ్చినప్పుడు జేబులోంచి పటం ముక్క తీసి, ఒక వలయం నుంచి ఇంకో వలయానికి దారి చూసుకోవాలి. గుండె వేగం పెరిగేకొద్దీ ఆలోచన మందగిస్తుంది. మామూలప్పుడు క్షణంలో కనిపించే దారి అప్పుడు కనబడదు. అలసటలో చదవడం ఈ ఆటకు ప్రత్యేకమైన సాధన.

బుధవారం అడుగుల లెక్క. పొగమంచులోనో, ఒకేలా కనిపించే బీడులోనో ఎంత దూరం వచ్చామో చెప్పేది అడుగులే. కొలిచిన వంద మీటర్లలో కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టుకోవాలి. చదునైన దారిలో పరుగెత్తితే నాకు 42, రాళ్ల నేలలో 50 దాకా పోతుంది. ఎవరి లెక్క వాళ్లది.

ఆరోజే గోనెగండ్ల పొలాల్లో ఒక పెద్దాయన ఎదురయ్యాడు. చేతిలో పటం, మెడలో దిక్సూచి, నోట్లో అంకెలు. నన్ను అలా చూసి ఎడ్లను ఆపాడు.

"ఏం నాయనా, సర్వేకొచ్చినారా? మా గట్టు యాడికి జరుపుతారు?"

"సర్వే కాదు తాతా, ఆట. ఈ పటం చూసుకుంటా పరుగెత్తాల."

ఆయన పటం అడిగి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "ఉత్తరం ఎట్లుంది?" అన్నాడు. చూపించగానే తన పొలం వైపు తిరిగి నిలబడి, పటాన్ని నేలకు సరిపోయేలా తిప్పుకుని, "ఇదిగో మా బావి. ఈడ వంక తిరుగుతాది" అని వేలు పెట్టాడు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే పుణ్యమా అని ఊళ్లలో పటాల ముచ్చట మళ్లీ పెరిగింది. పటాన్ని నేలకు సరిపెట్టి పట్టుకోవడం ఓరియెంటీరింగ్‌లో తొలి పాఠం. భూమిని నమ్ముకున్న మనిషికి దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు.

గురువారం ఎక్కుడు పరుగు. గుట్ట వాలులో నిమిషమున్నర పాటు పైకి, నడుస్తూ కిందికి, మళ్లీ పైకి. దిగేటప్పుడు చీలమండలు బెణకకుండా చిన్న చిన్న అడుగులు వేయడం కూడా ఇందులో భాగమే. రాళ్ల నేలలో గెలుపోటములు ఎక్కువగా దిగుడులోనే తేలతాయి. ఇంటికొచ్చాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మా వైపు రన్నర్‌కు ఇంతకు మించిన బహుమతి లేదు.

శుక్రవారం పరుగు లేదు. ఒంటికాలి మీద నిలబడటం, గుంజీలు, నడుముకు కసరత్తు. సామాను సర్దుకోవడం కూడా ఆరోజే. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు గుచ్చుకోకుండా మందపాటి అడుగున్న బూట్లు, పిక్కలు మూసే ప్యాంటు, నిండు చేతుల చొక్కా, నీళ్లు, విజిల్. విజిల్ తప్పనిసరి. ఆపదలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

శనివారం నెమ్మది పరుగు, గాజులదిన్నె వైపు. బయల్దేరేముందు పటంలో ఒక ముక్కను నిమిషంపాటు చూసి, జేబులో పెట్టేసి, గుర్తున్నంత మేరకు పోవాలి. 'కుంట కుడివైపు, ఆపైన డొంక, డొంక వంపులో ఒంటి వేపచెట్టు' అని దారిని రెండు మూడు గుర్తులుగా మార్చుకుంటే ప్రతి అడుగుకూ పటం తీయనక్కర్లేదు. రాత్రి జొన్నరొట్టె, పప్పు. తొందరగా నిద్ర.

బండల మధ్య పోటీ

ఆదోని చుట్టూ గుట్టలను చూసినవాళ్లకు వాటి తీరు తెలుసు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గ్రానైటు గుండ్లు, వాటి సందుల్లో కలబంద, బలుసు పొదలు, మధ్యమధ్య నున్నటి పరుపుబండలు. బళ్లారి, హంపీల దాకా ఇదే వరుస. ఇలాంటి బండల నేలంటే ఓరియెంటీరింగ్ ఆటగాళ్లకు ఎక్కడైనా మక్కువే. అడుగడుగునా గుర్తులుంటాయి కాబట్టి పటం సూక్ష్మంగా గీయొచ్చు, జెండాలను చక్కగా దాచొచ్చు.

మాది మిత్రులం కలిసి పెట్టుకున్న చిన్న పోటీ. పటం మేమే గీసుకున్నాం. ఆదోని కోట గోడల జోలికి పోలేదు. పైరున్న ఏ పొలంలోనూ దారి పెట్టలేదు. పంట తొక్కరాదన్నది ఈ ఆటలో ప్రపంచమంతటా పాటించే నియమం. పాడుబడిన బావులు, క్వారీ గుంటలు కనిపెట్టి పటంలో ఎర్రగా దిద్దాం. అటువైపు ఎవరూ పోకుండా టేపు కట్టాం. మన నేలలో పాము కన్నా ఎక్కువ భయపడాల్సింది గోడలేని బావికి.

పాల్గొన్నవాళ్లలో కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్న కుర్రాళ్లున్నారు, ఇద్దరు ముగ్గురు టీచర్లున్నారు, డిగ్రీ చదివే అమ్మాయిలున్నారు. అమ్మాయిలు జంటలుగా పరుగెత్తారు.

పటం అందుకోగానే అందరికీ ఒకే తొందర. అక్కడే నిగ్రహం కావాలి. మొదటి పది సెకన్లు నిలబడి, పటాన్ని దిక్సూచితో సరిపెట్టుకుని, మొదటి జెండాకు దారి తేల్చుకున్నాకే కాలు కదపాలి. ఆ తర్వాత బొటనవేలు పటం మీద ఎప్పుడూ మనం ఉన్నచోటే ఉండాలి. మనం కదిలినకొద్దీ వేలు కదలాలి. ఎప్పుడు తల దించి చూసినా 'నేను ఇక్కడ' అని వేలు చెబుతుంది.

నాలుగో జెండా నుంచి ఐదో జెండాకు పోవడం ఆ రోజు అసలు పరీక్ష. పటంలో నేరుగా నాలుగున్నర సెంటీమీటర్లు, అంటే 450 మీటర్లు. మధ్యలో గుట్ట. ఎనిమిది కాంటూరు గీతలు దాటాలి, ఒక్కోటి 5 మీటర్లు, మొత్తం 40 మీటర్ల ఎక్కుడు. ఒక మీటరు పైకెక్కడం సుమారు పది మీటర్ల చదును పరుగుతో సమానమని ఈ ఆటలో వాడుక లెక్క. ఆ లెక్కన ఎక్కుడుకే 400 మీటర్లు పోతాయి. 450కి అది కలిపితే 850. ఎడమవైపు గుట్ట పాదాన్ని చుట్టివచ్చే బండ్లదారి ఉంది. దూరం 750 మీటర్లు, ఎక్కుడు లేదు, ముళ్లు లేవు. పైగా ఆ దారి వంకను దాటే చోటు నుంచి జెండా ఉన్న జంట గుండ్లు 60 మీటర్లే. దారి వెంబడి నిశ్చింతగా పరుగెత్తి, వంక దగ్గర వేగం తగ్గించి, దిక్సూచి చూసుకుని ఆ 60 మీటర్లు జాగ్రత్తగా పోతే చాలు.

నేను చుట్టుదారి పట్టాను. నాకన్నా ముందు బయల్దేరిన కుర్రాడు, 1,600 మీటర్లలో నన్ను ఒక ల్యాపు వెనక్కి నెట్టగలిగినవాడు, నేరుగా గుట్ట ఎక్కాడు. జెండా దగ్గర నేను గుర్తు వేసుకుంటుండగా పై నుంచి దిగివచ్చాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది.

"అన్నా, నువ్వు యా దావన వచ్చినావు?"

చెప్పాను. పటంలో ఆ బండ్లదారి మీద వేలు పెట్టి చూసుకున్నాడు. గీతలు లెక్కపెట్టుకున్నాడు. ఆరో జెండాకు పోయేముందు అతను నిలబడి పటం చదివాడు. ఆ తర్వాత నాకు దొరకలేదు. పోటీ అతనిదే. ఒక్క గుట్టలో, ఒక్క తప్పటడుగుతో, ఎవరూ బోర్డు మీద రాసి చెప్పకుండానే అతను కాంటూరు గీతల్ని నేర్చుకున్నాడు.

గెలుపుకన్నా పెద్ద నియమం

అడవిలో ఈ ఆట ఆడేవాళ్ల మీద అంపైర్ కళ్లు ఉండవు. ఎవరు పడిపోయినా ముందు కనిపెట్టేది తోటి ఆటగాడే. గాయపడినవాళ్లకు సాయం చేయడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, నియమం.

2009లో హంగరీలోని మిష్కోల్ట్స్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పురుషుల రిలే. చివరి దశలో ముందంజలో ఉన్నవాళ్లలో స్వీడన్ ఆటగాడు మార్టిన్ యోహాన్సన్ తొడలోకి కట్టె లోతుగా దిగింది. ఫ్రాన్స్‌కు చెందిన తియెరీ గ్యోర్గ్యూ, నార్వే ఆటగాడు ఆండర్స్ నోర్డ్‌బెర్గ్, చెక్ ఆటగాడు మిహాల్ స్మోలా ముగ్గురూ పతకాలకు పోటీపడుతున్నవాళ్లే. ముగ్గురూ పరుగు ఆపేశారు. రక్తం ఆపి, సాయం పిలిచి, అతన్ని అడవిలోంచి బయటకు చేర్చేదాకా అతని కోసమే నిలబడ్డారు. పతకాలు వెనక వస్తున్న జట్లకు పోయాయి. స్విట్జర్లాండ్ గెలిచింది. ఆ ఏడాది విజేతలకన్నా ఆగిపోయిన ముగ్గురినే క్రీడాలోకం ఎక్కువగా గుర్తుపెట్టుకుంది.

ఈ ఆటలో నన్ను కట్టిపడేసే ఇంకో సంగతి వయసు. ప్రపంచ మాస్టర్స్ చాంపియన్‌షిప్ 35 ఏళ్ల నుంచి మొదలవుతుంది. ఐదేళ్లకో తరగతి చొప్పున ఎనభై, తొంభై ఏళ్లవాళ్లకూ విభాగాలున్నాయి. స్వీడన్‌లో 1965 నుంచి జరుగుతున్న ఐదు రోజుల ఓ-రింగెన్ పండుగకు తాతలు, మనవళ్లు ఒకే గుడారంలోంచి బయల్దేరి, ఎవరి దారిలో వాళ్లు పరుగెత్తి వస్తారు. ఆడవాళ్లకు ఇందులో ప్రపంచస్థాయి తారలున్నారు. స్విట్జర్లాండ్‌కు చెందిన సిమోనె నిగ్లీ 23 ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. ఆమె పరుగును చూసి ఎంతమంది తల్లులు బూట్లు కట్టుకుని ఉంటారో!

మన పల్లెల్లో పరుగు ఇరవైల్లోనే ఆగిపోతోందన్న బాధకు నా దగ్గరున్న సమాధానం ఇదే. ఉద్యోగం కోసం పరుగెత్తే కుర్రాడు ఈ ఆటలో దమ్ము పెంచుకుంటాడు. ఉద్యోగం వస్తే పోలీసుకైనా జవానుకైనా పటం చదవడం చేతికొచ్చిన విద్య అవుతుంది. రాకపోయినా, నలభైల్లో, యాభైల్లో ఆదివారం పొద్దున పోవడానికి ఒక గుట్ట ఉంటుంది.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే

పటం: 2017 నుంచి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపో షీట్లను ఆన్‌లైన్‌లో ఇస్తోంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల తయారీ నిబంధనలను సడలించాక పౌరులు తమ ప్రాంతాల పటాలు గీసుకోవడం సులువైంది. ఓపెన్ ఓరియెంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది. ఉపగ్రహ చిత్రాన్ని కింద పెట్టుకుని, నేల మీద తిరుగుతూ బండలు, దారులు, పొదలు దిద్దుకోవాలి.

దారి: పర్పుల్ పెన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంట్రోళ్లు గుర్తించి ముద్రించుకోవచ్చు. జెండాలు కొనలేకపోతే మ్యాప్‌రన్ యాప్ ఉంది. కంట్రోల్ దగ్గరికి రాగానే జీపీఎస్ ద్వారా ఫోన్ మోగి గుర్తు వేసుకుంటుంది. పాత చీర ముక్కలు కట్టినా పిల్లలకు సరిపోతుంది.

దిక్సూచి: పారదర్శక పలక ఉన్నది కొనండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం. కొత్తవాళ్లు ఆ లెక్కతో తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

చోటు: బడి ఆవరణ, ఊరి వీధులతో మొదలుపెట్టండి. తర్వాత చెరువుకట్ట, ఆపైన గుట్ట. పొలం యజమానులను, అటవీ భూమైతే అటవీ శాఖను ముందే అడగండి. గోడలేని బావులున్న వైపు దారి పెట్టకండి.

కాలం: అంతర్జాతీయ సమాఖ్య సాధారణంగా మే నెలలో ప్రపంచ ఓరియెంటీరింగ్ దినం జరుపుతుంది. 40 డిగ్రీలు దాటే మన మే నెలలో పిల్లల్ని గుట్టకు పంపకూడదు. మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

మనుషులు: కొత్తవాళ్లు జంటగా వెళ్లాలి. ఇన్ని గంటలకు తిరిగి రావాలని ముందే చెప్పండి. గమ్యం దగ్గర పేర్లు సరిచూసుకోకుండా ఎవరూ ఇంటికి పోకూడదు.

మూడు ఊళ్లు, మూడు పటాలు

ఎన్‌సీసీ క్యాడెట్లకు మ్యాప్ రీడింగ్ ఎప్పటి నుంచో పాఠం. సాంఘికశాస్త్రం పుస్తకంలో పటాల అధ్యాయం ఉంది. పీఈటీ సార్ దగ్గర విజిల్ ఉంది. ఈ మూడూ ఒకే మైదానంలో కలవడమే తక్కువ. పిల్లలు కాంటూరు గీతను బోర్డు మీద గీసి, పరీక్షలో మళ్లీ గీసి మరచిపోతున్నారు. ఒక్కసారి ఆ గీతను కాళ్లతో ఎక్కితే ఇక మరచిపోరు.

నేను అడిగేది పెద్ద స్టేడియమేమీ కాదు. గోనెగండ్లలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి, ఆదోనిలో ఒకటి, ఈ శీతాకాలానికి మూడు పటాలు. గోనెగండ్లలో హైస్కూలు నుంచి ఊరి చుట్టూ పొలాల అంచుల దాకా. ఎమ్మిగనూరులో మగ్గాల వీధుల నుంచి కాలువ గట్టు దాకా. ఆదోనిలో గుట్టల పాదం. ఒక్కో పటానికి ఓపికగా తిరిగే నలుగురు మనుషులు, కొన్ని ఆదివారాలు, నకళ్లు తీయించడానికి కొంత డబ్బు చాలు. మొదటి పోటీ ఆడపిల్లలతో మొదలవ్వాలి. పరుగు ముందుగా ఆగిపోతున్నది వాళ్లకే కాబట్టి.

పటాలు గీయడానికి మేం మిత్రులం సిద్ధంగా ఉన్నాం. దిక్సూచి పట్టుకోవడం నేర్పుతాం, జెండాలు కడతాం, పోటీ అయ్యాక ఏరుకొస్తాం. ఒక ఆదివారం పిల్లల్ని పంపే మూడు బడులు ముందుకు రావాలి. ఏ బడి హెడ్మాస్టరైనా సరే అంటే ఆ వారంలోనే గేటు దగ్గరికొచ్చి కొలత మొదలుపెడతాం.